తంతి చెప్పిన లెక్క

1839లో కలకత్తా దాపున, హుగ్లీ నది ఒడ్డునున్న బొటానికల్ గార్డెన్స్‌లో మైళ్ళ కొద్దీ తీగ కట్టారు. ఒక చివర బ్యాటరీ, ఇంకో చివర మనిషి వేలు. ఇక్కడ కలిపినప్పుడల్లా అక్కడ వేలు చురుక్కుమంటుంది. ఎన్నిసార్లు చురుక్కుమంది, ఎంత తేడాతో చురుక్కుమంది అని లెక్క కట్టుకుని అక్షరాలు పోల్చుకోవాలి. మన దేశంలో కరెంటు మోసిన తొలి కబుర్లు ఇలా చర్మానికి తగిలి అందాయి.

ఈ పని చేసినాయన ఇంజనీరు కాదు, డాక్టరు. పేరు విలియం ఓషానసీ. ఐర్లండులోని లిమరిక్‌లో పుట్టి, ఎడింబరోలో వైద్యం చదివి, 1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు. అంతకు ముందే ఇంగ్లండులో కలరా వచ్చినప్పుడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులోంచి నీరూ లవణాలూ హరించుకుపోతున్నాయని తేల్చాడు. ఇవాళ ఆస్పత్రిలో ఎక్కించే సెలైను వెనక ఆ పరిశీలన ఉంది. కలకత్తా మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ గంజాయిని మందుగా వాడి చూసి, ఆ ఫలితాలను పడమటి వైద్యులకు తెలిపిందీ ఆయనే. ఇన్ని పనుల మధ్య తీగలు కట్టడానికి తీరిక ఎక్కడ దొరికిందో!

తీగ ఒక్కటే ఉంటే సరిపోదు. కుళాయి గొట్టం ఇంట్లోకి వస్తే చాలు, నీళ్ళు పడతాయి. కరెంటు సంగతి వేరు. బ్యాటరీ ఒక కొసన బయలుదేరి, తీగలో పోయి, అవతలి పరికరంలో దూరి, మళ్ళీ బ్యాటరీ రెండో కొసకు చేరాలి. దారిలో ఎక్కడ తెగినా మొత్తం ఆగిపోతుంది, తెగినచోట మాత్రమే కాదు. దీన్నే మన పాఠ్యపుస్తకాలు వలయం అన్నాయి. 1800లో ఇటలీలో వోల్టా, జింకు బిళ్ళలూ వెండి బిళ్ళలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్య మధ్య ఉప్పునీళ్ళలో తడిపిన అట్టలు పెట్టి చేసిన దొంతరతోనే ఈ వలయం మనుషుల చేతికి చిక్కింది. అంతకు ముందు ఉన్నది రాపిడితో పుట్టి, ఠప్పుమని పోయే నిప్పురవ్వ. దొంతర మాత్రం ఆగకుండా పారే ప్రవాహాన్ని ఇచ్చింది. పారే దాన్నయితే కొలవచ్చు. అయితే దేనితో కొలవాలి?

వేలితో కొలిచిన వాళ్ళలో ఓషానసీ మొదటివాడు కాదు. 1770, 80 దశకాల్లో లండన్‌లో హెన్రీ కావెండిష్ అనే మహా ధనవంతుడు, మహా మొహమాటస్థుడు, గాజు గొట్టాల్లో ఉప్పునీళ్ళు నింపి వాటి గుండా తన ఒంటికే షాకులు ఇచ్చుకునేవాడు. ఏ గొట్టం షాకు గట్టిగా ఉంది, ఏది నెమ్మదిగా ఉందని ఒంటితోనే బేరీజు వేసి, ఏ గొట్టం కరెంటును ఎంత అడ్డుకుంటుందో రాసుకున్నాడు. ఆ లెక్కలు నమ్మశక్యం కానంత సరిగ్గా వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. కాగితాలు పెట్టెలో పడి ఉంటే, 1879లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ వెలికి తీసి అచ్చు వేయించాడు. అప్పటికి ఆ విషయాన్ని ఒక బడిపంతులు మళ్ళీ మొదటి నుంచి కనిపెట్టడం, తిట్లు తినడం, పతకం అందుకోవడం, చనిపోవడం కూడా అయిపోయాయి.

ఆ పంతులు గేయోర్గ్ సైమన్ ఓమ్. 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే కమ్మరి, తనంతట తాను లెక్కలు నేర్చుకుని కొడుకులకు చెప్పిన మనిషి. ఆ ఇంట పెరిగిన పనితనం తరవాత ఓమ్ చేసుకున్న పరికరాల్లో కనిపిస్తుంది. కొలోన్‌లో పిల్లలకు లెక్కలు, ఫిజిక్సు చెబుతూ, బడి ప్రయోగశాలలో ఒక చిన్న ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు: తీగ పొడవు పెరుగుతుంటే కరెంటు ఎంత తగ్గుతుంది?

ప్రశ్న చిన్నదే కానీ అప్పట్లో దానికి వచ్చిన జవాబులు అడ్డదిడ్డంగా ఉన్నాయి. 1825లో ఇంగ్లండులో పీటర్ బార్లో అనే లెక్కల పండితుడు రెండొందల అడుగుల తీగ వేసి చూసి, అంతలోనే ప్రభావం బాగా తగ్గిపోవడంతో తంతి మీద కబురు పంపడం అయ్యే పని కాదని తేల్చేశాడు. అదే ఏడు ఓమ్ వేసిన మొదటి పేపరూ తప్పే. లాగరిథమ్‌తో కూడిన ఒక సూత్రం ఇచ్చాడు, అది నిలబడలేదు. తప్పు ఆయన లెక్కలో కన్నా బ్యాటరీలో ఎక్కువ ఉంది. ఆనాటి బ్యాటరీ కలపగానే ఉరకలు వేసి, నిమిషాల్లో నీరసపడేది. కొలిచే లోపల కొలవాల్సిందే మారిపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

పత్రిక సంపాదకుడు పోగెండార్ఫ్ సలహా ఇచ్చాడు, బ్యాటరీ వదిలేసి రెండు లోహాల అతుకును వేడిచేసి చూడమని. రాగినీ బిస్మతునూ అతికి, ఒక అతుకును మరిగే నీళ్ళలో, ఇంకోదాన్ని మంచులో ఉంచితే చిన్నదే అయినా నిలకడైన కరెంటు వస్తుంది. మంచు కరిగేదీ నీళ్ళు మరిగేదీ ఏ రోజైనా అదే వేడి దగ్గర కాబట్టి కరెంటు కూడా మారదు. ఓమ్ ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు తీసుకున్నాడు: 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. ఒక్కొక్కటే వలయంలో పెట్టి, సన్నని తీగకు వేలాడదీసిన అయస్కాంతపు సూది ఎంత తిరుగుతోందో చూశాడు. తేలిన లెక్క చాలా మామూలుది. తీగ పొడవుకు ఒక స్థిరమైన అంకె కలపండి. ఆ మొత్తంతో ఇంకో స్థిరమైన అంకెను భాగించండి. అదే కరెంటు.

ఆ కలిపిన అంకె తీగది కాదు. అతుకులూ మిగతా లోహమూ కలిసి తమంతట తాము పెట్టే అడ్డు అది. బార్లో ఎక్కడ బోల్తాపడ్డాడో దీనితో తెలుస్తుంది. బ్యాటరీలోని అడ్డు చాలా తక్కువైతే, కాస్త తీగ చేర్చినా అది మొత్తంలో పెద్ద వాటా అవుతుంది, కరెంటు ఠక్కున పడిపోతుంది. ఒక్క పెద్ద ఘటానికి బదులు చిన్న ఘటాలు చాలా వాటిని ఒకదాని వెంట ఒకటి కలిపితే నెట్టే బలం పెరుగుతుంది, పొడవు తీగ కూడా భారం కాదు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ ఈ కిటుకును ఓమ్ రాతలు చూడకుండానే చేతితో పట్టేసి, 1831లో వెయ్యి అడుగులకు పైగా తీగ అవతల అయస్కాంతాన్ని ఆడించాడు. టార్చిలైటులో సెల్లులు ఒకదాని వెనక ఒకటి వేసే ప్రతి మనిషీ చేస్తున్నది అదే.

1827లో ఓమ్ తన పుస్తకం అచ్చు వేశాడు. రాళ్ళు పడ్డాయి. ప్రకృతిని లెక్కల్లో కొలవడమే కొందరు జర్మన్ పండితులకు గిట్టదు. బెర్లిన్‌లో పోల్ అనే ఆచార్యుడు చీల్చి చెండాడాడు. ఓమ్ కొలోన్ ఉద్యోగం వదులుకున్నాడు. చాలా ఏళ్ళు బెర్లిన్‌లో చిన్నాచితకా బోధనతో నెట్టుకొచ్చి, 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో కుదురుకున్నాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. తన దేశంలో ఫిజిక్సు ఆచార్య పదవి 1852లో, అరవై మూడో ఏట వచ్చింది. రెండేళ్ళకు చనిపోయాడు. బడిలో ఒక్క వాక్యంలో అప్పజెప్పే నియమం కోసం ఆ మనిషి ఇంత కాలం కాచుకున్నాడు.

ఇంగ్లండులో ఓమ్‌ను పట్టించుకోవడం మొదలైన కాలం, తంతి లైన్లు వేస్తున్న కాలం ఒకటే. ఇది ఊరికే కలిసిరాలేదు. ప్రయోగశాలలో తీగ మూరెడు ఉంటుంది. దాని అడ్డు ఎంతో తెలియకపోయినా గడుస్తుంది. తీగ వంద మైళ్ళు అయినప్పుడు, మైలుకు ఎంత అడ్డు అన్నది డబ్బు ప్రశ్న అవుతుంది.

రెండో తీగ ఖర్చు మిగిల్చింది మాత్రం నేల. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ రైలు పట్టాలనే తీగలుగా వాడబోయి విఫలమయ్యాడు. కరెంటు పట్టాలోంచి నేలలోకి జారిపోతోంది. అయితే నేలే తిరుగు దారి ఎందుకు కాకూడదని, రెండు చివరలా లోహపు రేకులు పాతిపెట్టి ఒకే తీగతో పని కానిచ్చాడు. మట్టి రాగి లాంటి వాహకం కాదు. కానీ దాని వెడల్పుకు హద్దు లేదు. అడ్డు ఏదైనా ఉంటే రేకు చుట్టూ ఉన్న కొద్దిపాటి మట్టిలోనే. మన ఇళ్ళ పక్కన ఎర్తు గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి, ఎండాకాలం బిందెడు నీళ్ళు కుమ్మరించేది ఆ చుట్టుపక్కల మట్టి కోసమే. కలకత్తాలో ఓషానసీ ఇంకా ముందుకు పోయి, వలయంలో ఒక భాగాన్ని హుగ్లీ నీళ్ళతోనే పూర్తి చేశాడు.

కంపెనీ దొరలు పదేళ్ళకు పైగా ఆ ప్రయోగాన్ని పక్కన పెట్టారు. గవర్నర్ జనరల్‌గా డల్హౌసీ వచ్చాక కానీ కదలిక లేదు. 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ వైపు లైను మొదలైంది. ఓషానసీ వేసినదాన్ని తీగ అనడం కన్నా చువ్వ అనడం నయం: అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల మందం ఉన్న ఇనప కడ్డీలను అతుకుతూ పోయాడు. ఇంగ్లండు సన్నతీగ ఇక్కడి గాలివానకు, కొంగలకు, కోతులకు ఆగదని ఆయన లెక్క. నేలలో వేసిన భాగానికి మద్రాసు గుడ్డను కీలులో ముంచి రెండు పొరలు చుట్టి, పెంకుల వరసలో పెట్టి, ఇసకా గుగ్గిలమూ కరిగించి పోశాడు. బెంగాల్లో దొరికే సరుకుతో బెంగాల్ వానకు తట్టుకునే పని అది.

ఇనుము రాగి కన్నా ఆరేడు రెట్లు ఎక్కువగా కరెంటును అడ్డుకుంటుంది. కానీ మందం రెట్టింపు చేస్తే అడ్డు నాలుగో వంతుకు పడిపోతుంది. కోతుల కోసం లావు చేసిన కడ్డీ ఓమ్ లెక్కలోనూ కలిసొచ్చింది. వానలో తడిసిన స్తంభాల గుండా కొంత కరెంటు నేలలోకి కారినా, కడ్డీలో దారి సుళువుగా ఉంది కాబట్టి మిగతాది అవతలికి చేరేది.

ఓషానసీకి కుడి భుజం శివచంద్ర నంది. కలకత్తా టంకసాలలో పనిచేసే బెంగాలీ. డైమండ్ హార్బర్ నుంచి తొలి కబురు పంపింది ఆయనే. తరవాత ఢాకా లైను వేసేటప్పుడు ఇనప స్తంభాలకు డబ్బు చాలకపోతే తాటిచెట్లనే స్తంభాలు చేసుకున్నాడు. పద్మా నదిలో ఏడు మైళ్ళ కేబులు దించడానికి ఓడ దొరక్కపోతే చేపల పడవలు కుదుర్చుకున్నాడు. నంది పేరు మన బడి పుస్తకాల్లో ఎందుకు లేదో ఆలోచించాల్సిందే.

1855 తొలినాళ్ళకు కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు ఒకే తీగల అల్లికలోకి వచ్చాయి. మద్రాసు దాకా తీగ వస్తే దాన్ని ఏమని పిలవాలి? వీణకు బిగించేదీ తంతే కనక ఆ మాటే దీనికీ అతుక్కుంది. తమిళులకు తంది, మనకు తంతి. ఆఫీసు పేరు తంతి తపాలా శాఖ. కబురు పేరు టెలిగ్రాం అయింది, అది గుమ్మంలోకి వచ్చిందంటే చదవకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి.

ఇంత పొడవు వలయం ఎక్కడో తెగితే? 1857 మే 10న ఢిల్లీ తంతి ఆఫీసుకు మీరట్ నుంచి పలుకు ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసు పెద్ద చార్లెస్ టాడ్, లైను ఎక్కడ తెగిందో చూసి వస్తానని బయలుదేరాడు, తిరిగి రాలేదు. కంపెనీ మీద తిరగబడ్డ మీరట్ సిపాయిలు అప్పటికే యమున దాటుతున్నారు. ఆఫీసులో మిగిలిన ఇద్దరు కుర్రవాళ్ళు, బ్రెండిష్, పిల్కింగ్టన్, అంబాలాకు కబురు కొట్టి పారిపోయారు. ఆ కబురు పంజాబులో ఇంగ్లీషు వాళ్ళకు పనికొచ్చింది. తెగినచోటు వెతకడానికి మనిషి వెళ్ళాల్సి రావడం టాడ్ ప్రాణం తీసింది.

సముద్రంలో అయితే వెళ్ళే మనిషి కూడా ఉండడు. 1858 ఆగస్టులో అట్లాంటిక్ అడుగున ఐర్లండు నుంచి న్యూఫౌండ్‌లాండ్ దాకా కేబులు పరిచారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి పదహారు గంటలు పట్టింది. పొడవాటి కేబులు ఒక పెద్ద జాడీ లాంటిది. ముందు దాన్ని నింపాలి, తరవాతే అవతల కదలిక. రాగి సన్నగా ఉంటే నింపడం ఇంకా ఆలస్యం. రాగి లావు పెంచమని ఫిజిక్సు ఆచార్యుడు విలియం థామ్సన్ మొత్తుకున్నాడు, అప్పటికే ఆర్డరు ఇచ్చేశారు. కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ మాత్రం బలం పెంచితే చాలనుకున్నాడు. చిత్రం, ఈయనా డాక్టరే. రెండు వేల వోల్టుల దాకా ఇచ్చాడు. గట్టాపర్చా అనే మలయా చెట్ల జిగురుతో చేసిన పొర అసలే అక్కడక్కడా బలహీనంగా ఉంది, ఆ దెబ్బకు చిట్లింది. మూడు వారాలకు కేబులు చచ్చిపోయింది. ఆ మూడు వారాల్లో పనికొచ్చిన కబుర్లలో ఒకటి మన దేశానికి సంబంధించింది: తిరుగుబాటు అణచడానికి కెనడా నుంచి బయలుదేరాల్సిన రెండు రెజిమెంట్లు ఇక అక్కర్లేదని చెప్పినది. ఆ ఒక్క ముక్కతో యాభై వేల పౌన్లకు పైగా మిగిలాయని లెక్క కట్టారు.

ఇంగ్లండును మనతో కలపాల్సిన ఎర్రసముద్రపు కేబులు ఇంకా ఘోరం. సూయజ్ నుంచి ఏడెన్ మీదుగా కరాచీ దాకా 1859, 60లలో వేశారు. ముక్కలు ముక్కలుగా పోయింది. పెట్టుబడి మీద యాభై ఏళ్ళ పాటు నాలుగున్నర శాతం వడ్డీ ఇస్తామని సర్కారు మాట ఇచ్చేసింది కాబట్టి, మూగబోయిన కేబులుకు ఏటా 36,000 పౌన్లు కడుతూనే ఉండాల్సి వచ్చింది.

ఇంత డబ్బు సముద్రం పాలయ్యాక అందరికీ కొలత కావాల్సి వచ్చింది. కొనేవాడు రాగిలో ఏం అడగాలి? థామ్సన్ 1857లోనే చూపించాడు, మార్కెట్లో ఒకే పేరున అమ్మే రాగి తీగలు కరెంటు మోయడంలో ఒకదానికొకటి పొంతన లేవని. పైగా అడ్డును చెప్పే భాషే ఒకటి కాదు. జర్మన్లు ఎనిమిదో నంబరు ఇనప తీగ ఒక మైలంత అనేవారు, ఇంగ్లీషు వాళ్ళు పదహారో నంబరు రాగి తీగ మైలంత అనేవారు, ఫ్రెంచి వాళ్ళు నాలుగు మిల్లీమీటర్ల ఇనప తీగ కిలోమీటరంత అనేవారు. సంతలో మానిక, తవ్వ, సోల ఊరికో రకంగా ఉన్నట్టు. 1860లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ పాదరసం పట్టుకొచ్చాడు: ఒక చదరపు మిల్లీమీటరు కంతలో మీటరు పొడవు పాదరసం, సున్నా డిగ్రీల దగ్గర. రాగికి మల్లే పాదరసంలో రకాలు ఉండవు, శుద్ధి చేసుకుంటే ఎవరి దగ్గరైనా ఒకటే.

1861లో ఇద్దరు కేబులు ఇంజనీర్లు, లాటిమర్ క్లార్క్, చార్లెస్ బ్రైట్, కొలతలకు శాస్త్రవేత్తల పేర్లు పెడదామన్నారు. తమాషా ఏమిటంటే వాళ్ళ జాబితాలో నెట్టే బలానికి ఓమ్ పేరు, అడ్డుకు వోల్టా పేరు. అదే నిలిచి ఉంటే ఇవాళ మన ఇళ్ళకు 230 ఓములు వచ్చేవి, ఎండాకాలం రైతు లో వోల్టేజీ బదులు లో ఓమేజీ అని తిట్టుకునేవాడు. అదే ఏడు బ్రిటిష్ అసోసియేషన్ వేసిన కమిటీలో థామ్సన్, మాక్స్‌వెల్ లాంటి వాళ్ళతో పాటు ఫ్లీమింగ్ జెంకిన్ అనే కేబులు ఇంజనీరూ కూర్చున్నాడు. వాళ్ళు పేర్లు అటూ ఇటూ మార్చి, అడ్డుకు ఓమ్ పేరు ఖాయం చేసి, 1865లో ప్రామాణిక తీగచుట్టలు తయారు చేశారు. 1881లో పారిస్ సభ ఓమ్, వోల్టు, ఆంపియర్ అన్న మాటలను అన్ని దేశాలకూ ఒప్పించింది. ఫిజిక్సు పుస్తకంలో ఉన్న ఆ మూడు మాటలకూ తంతి ఆఫీసు వాసన ఉంది.

కొలత దొరికాక టాడ్ లాగా బయటకు పోనక్కర లేదు. తెగిన కేబులు కొస సముద్రపు నీటికి తగులుతుంది, నీరే తిరుగు దారి అవుతుంది. ఒడ్డున కూర్చుని, అడ్డును కొలిచే వీట్‌స్టన్ బ్రిడ్జితో, ఆ తెగిన చోటు దాకా ఎన్ని ఓములు ఉన్నాయో చూస్తారు. మైలుకు ఆరు ఓముల కేబులు అనుకుందాం. కొలత 300 ఓములు వస్తే తెగింది యాభయ్యో మైలు దగ్గర. తెగినచోట తుప్పు, ఉప్పు కలిసి కొంత అడ్డు అదనంగా చూపిస్తే, అవతలి ఒడ్డు నుంచి కూడా కొలిచి సరిచూసుకుంటారు. ఓడ నేరుగా అక్కడికి పోయి, కొక్కెం వేసి, కేబులు పైకి లాగుతుంది. బ్రిడ్జి వీట్‌స్టన్ పేరున చెలామణీ అయినా, దాన్ని 1833లో ముందు కనిపెట్టింది క్రిస్టీ అనే ఇంకొకాయన. వీట్‌స్టన్ ఆ సంగతి దాచలేదు, లోకమే మరిచిపోయింది.

1864లో పర్షియన్ గల్ఫ్ కేబులు నిలబడింది. మరుసటి ఏడు కరాచీ, లండన్ తంతిలో మాట్లాడుకున్నాయి. ఆ అల్లిక మన ఊళ్ళ పోస్టాఫీసుల దాకా పాకి, కట్ట కడ కట్ట అన్న మోర్స్ చప్పుడుతో ఒక శతాబ్దానికి పైగా నడిచింది. 2013 జూలై 14 రాత్రి మన దేశంలో టెలిగ్రాంలు తీసుకోవడం ఆపేశారు.

ఓమ్ ప్రయోగం మాత్రం ఆగలేదు. తెలుగు రాష్ట్రాల పదో తరగతి పుస్తకంలో చాలా మంది పిల్లలు చేసిన ప్రయోగశాల కృత్యం ఒకటి ఉంటూ వచ్చింది. ఒకటిన్నర వోల్టుల సెల్లులు ఐదు, ఒక అమ్మీటరు, ఒక వోల్టుమీటరు, తీగ ముక్కలు. ఒక్కొక్క సెల్లే కలుపుతూ పోయి, వచ్చిన వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ప్రతిసారీ ఒకటే అంకె రావాలి. కొలిచే వస్తువు పది సెంటీమీటర్ల సన్నని ఇనప చువ్వ. దానికి సైకిలు పుల్ల సరిపోతుంది.